కుక్కలు కారు నడపవు

సోమవారం సాయంత్రం ఒహాయోలో ఒక మనిషి వాకింగ్‌కి వెళ్ళి తిరిగి రాలేదు.

రోజూ నడిచే చెరువు గట్టు మీదే పడి ఉన్నాడు. చెవి వెనక ఒక్కటే గుండు. జేబులో పర్సు అలాగే ఉంది, చేతికి వాచీ కూడా. లైసెన్సు మీది పేరు ఆర్థర్ కీన్. అసలు పేరు వేరే. పదకొండేళ్ళ కిందట తన దేశపు గూఢచారి శాఖ నుంచి పారిపోయి వచ్చి, తనకి తెలిసిందంతా అమెరికాకి చెప్పేసి, బదులుగా కొత్త పేరూ కొత్త ఊరూ పుచ్చుకున్న మనిషి. ఆ బేరంలో అమెరికా ఇచ్చిన మాట ఒక్కటే: నువ్వెక్కడున్నావో ఎవరికీ తెలియదు.

తెలిసింది.

మంగళవారం ఉదయం రస్ హాల్వర్సన్‌ని డైరెక్టర్ పిలిపించింది. వర్జీనియాలో హైవే పక్కన ఉన్న ఆ నాలుగంతస్తుల భవనం మీద ‘టైడ్‌వాటర్ డెంటల్ సప్లైస్’ అని బోర్డుంటుంది. ఇరవై రెండేళ్ళుగా అందులో పనిచేస్తున్న హాల్వర్సన్ ఒక్క పన్ను కూడా అమ్మి ఎరగడు. గుమ్మం దాటగానే ఒక గోడ నిండా చిన్న చిన్న స్టీలు లాకర్లు. లోపలికి వెళ్ళే ప్రతి మనిషీ తన ఫోను అందులో పెట్టి తాళం వేసుకోవాలి. డైరెక్టరైనా సరే, పాత్రలు కడిగేవాడైనా సరే. హాల్వర్సన్ లాకరు నంబరు 212. ఆ భవనంలో దేవుడి మీద నమ్మకం లేనివాళ్ళు ఉన్నారుగానీ, ఆ గోడ మీద నమ్మకం లేనివాళ్ళు లేరు.

డైరెక్టర్ కోరా మెకింటైర్ కుర్చీలో కూర్చోలేదు. కిటికీ దగ్గర నిలబడే మాట్లాడింది.

"కీన్ ఊరు తెలిసింది ముగ్గురికి. ఆ ముగ్గురిలో ఒకరు అమ్మేశారు. కాదంటే మనకి తెలియని నాలుగోవాడున్నాడు. మనం దాచినవాళ్ళ లిస్టులో తరవాతి పేరు నీ మనిషిదే."

"ఆవిణ్ణి ఇవాళే తరలిద్దాం మేడమ్."

"తరలించాలంటే కాగితాలు కదలాలి. కాగితాలు ఆ అమ్మేవాడి కళ్ళ ముందు నుంచే పోతాయి. దొంగ దొరికేదాకా ఆవిడ కదలదు."

లెక్క సరిగానే ఉంది. అందుకే హాల్వర్సన్ సరేనన్నాడు.

అతని మనిషి ఇరెనా. అరవై మూడేళ్ళు. కీన్ పారిపోయి వచ్చిన శాఖలోనే ముప్ఫై ఏళ్ళు సంకేత లిపి గుమస్తాగా పనిచేసి, నాలుగేళ్ళ కిందట ఒక సూట్‌కేసుతో ఇటు వచ్చేసింది. ఇప్పుడు ఆమె డోరిస్ వైలీ, రిటైరైన లైబ్రేరియన్. పెన్సిల్వేనియాలో మిల్‌బ్రిడ్జ్ అనే ఊళ్ళో వాగు పక్కన ఒక చిన్న ఇల్లు. ఇంట్లో ఫోను లేదు, ఇంటర్నెట్ లేదు, టీవీ కూడా లేదు. ఫోను లేని ఇల్లే భద్రమైన ఇల్లని ఆఫీసు రూలు. రెండు వారాలకోసారి గురువారం నాడు హాల్వర్సన్ తన ఫోనుని 212లో పెట్టేసి, రెండు గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళి ఆమెని చూసి వస్తాడు. వెంట మస్టర్డ్ వస్తుంది. అది అతని బీగిల్ కుక్క. భార్య విడిపోయేటప్పుడు ఇల్లు ఆమె తీసుకుంది, కుక్కని ఇతను తీసుకున్నాడు. తనకే లాభం వచ్చిందని అతని నమ్మకం. ఇరెనాకి కూడా హాల్వర్సన్ రాక కన్నా మస్టర్డ్ రాకే ముఖ్యం. నాలుగున్నర కాగానే దాన్ని తీసుకుని వాగు గట్టు మీద వంతెన దాకా నడిచి వస్తుంది.

మంగళవారం మధ్యాహ్నమే అతను మస్టర్డ్‌తో మిల్‌బ్రిడ్జ్ వెళ్ళి ఒహాయో సంగతి చెప్పాడు. ఇరెనా చేస్తున్న సూప్‌లో గరిటె ఆపలేదు.

"పిస్తోలు ఇస్తావా?" అని అడిగింది.

రూలు ఒప్పుకోదన్నాడు.

"మీ రూళ్ళు నాకంటే బాగా బతుకుతున్నాయి రస్. పోనీ కుక్కనైనా వదిలివెళ్ళు. గుమ్మం దగ్గర చప్పుడైతే నాకంటే ముందు దానికి భయం వేస్తుంది. ఇద్దరం కలిసి భయపడతాం."

ఎలాగూ దర్యాప్తు అయ్యేదాకా ఆఫీసులోనే పడుకోవాలి, కుక్కని చూసే దిక్కు లేదు. ఆమెకి తోడు, దానికి తిండి. రెండు వైపులా కలిసొచ్చే పని కదా అని మస్టర్డ్‌ని అక్కడే వదిలి వచ్చాడు.

బుధవారమంతా ఆఫీసులో అబద్ధాలు పట్టే యంత్రం తిరిగింది. ఒకరి తరవాత ఒకరు వైర్లు తగిలించుకుని కూర్చున్నారు. కీన్ ఫైలు ఒకసారి చేతులు మార్చిన పాపానికి రికార్డుల గది గుమస్తా టోబిన్‌ని ఆరు గంటలు కూర్చోబెట్టారు. చివరికి అతను చెప్పింది ఒకటే, పెళ్ళాం పుట్టినరోజు మరిచిపోయి మీటింగు ఉందని అబద్ధమాడానని. యంత్రం అది నిజమే అని తేల్చింది. లాకర్ల గోడలో ఎవరో ఏదో అమర్చారేమో చూడాలని దానికి సీలు వేశారు. అందరికీ లోహపు దారాలతో నేసిన సంచులు ఇచ్చి, ఫోన్లు అందులోనే పెట్టుకుని తిరగమన్నారు. ఆ సంచిలో ఉన్నంతసేపూ ఫోను ఎవరికీ వినబడదు, కనబడదు.

అదే రోజు సాయంత్రం సబీన్ లాక్రాయ్ కొత్త వీడియో వచ్చింది.

సబీన్ పేరు చెబితే వస్తువులు చేసే కంపెనీలు వణుకుతాయి. ఫోన్లు, వాచీలు, తనంతట తనే ఇల్లు ఊడ్చే మిషన్లు, ఏది కొత్తగా వచ్చినా ఆమె ఎన్ని నక్షత్రాలు ఇస్తుందా అని ఇరవై లక్షల మంది చూస్తారు. మెరిసే పట్టు బట్టలు, ఎర్ర కళ్ళజోడు, ఎదుటివాడి మాట పూర్తికాకుండానే నవ్వే నవ్వు. ఆమె కీన్ పారిపోయి వచ్చిన ఆ విదేశీ శాఖకి పనిచేస్తోందని ముగ్గురికే తెలుసు. మూడేళ్ళుగా హాల్వర్సన్‌కి కూడా పనిచేస్తోందని ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో ఒకరు ఆమె.

బుధవారం ఆమె ఒక కాఫీ మిషన్‌కి రెండున్నర నక్షత్రాలు ఇచ్చింది. రెండున్నర అంటే ప్రమాదం, వెంటనే కలవాలి. ఎక్కడో వెతుక్కోనక్కర లేదు. గురువారం వాషింగ్టన్‌లో ప్రజల సొంత సమాచారానికి రక్షణ కల్పించే బిల్లు మీద కమిటీ విచారణ ఉంది. అందులో నిపుణురాలిగా సాక్ష్యం చెప్పేది సబీనే.

గురువారం మూడు గంటలకి హాల్వర్సన్ కూల్‌డ్రింకుల మిషన్లు బాగుచేసేవాడి యూనిఫారంలో, చేతిలో పనిముట్ల పెట్టెతో ఆ భవనంలోకి వెళ్ళాడు. జేబులో ఆఫీసు ఇచ్చిన పెన్ను ఒకటి ఉంది. దగ్గరలో మన మాటలు వినే పరికరం ఏదైనా ఉంటే అది వణుకుతుంది. గేటు దాటినప్పటి నుంచి అది ఆగకుండా వణుకుతూనే ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి మరి. కాసేపటికి చిరాకేసి అందులో బ్యాటరీ తీసేశాడు.

విచారణ హాలు తలుపు తెరిచే ఉంది. మిషన్ వెనక వైర్లు కదుపుతూ కాసేపు విన్నాడు. ఎనభై దాటిన ఛైర్మన్ తన ఇంట్లో రొట్టెలు కాల్చే టోస్టర్ తన మాటలు వింటోందా అని అడుగుతున్నాడు. వినదుగానీ అది ఇంటర్నెట్‌కి ఎందుకు తగిలించి ఉందో అడగండని సబీన్ చెప్పింది. అందరూ నవ్వారు. ఒక సభ్యుడు ఈ బిల్లు వస్తే చిన్న వ్యాపారులు మునిగిపోతారన్నాడు. ఇంకొకాయన బిల్లు మంచిదేగానీ తొందరపడకూడదన్నాడు. పదేళ్ళుగా ఆ బిల్లు విషయంలో తొందరపడనిది ఆయనే. మనుషులు ఎక్కడ తిరుగుతున్నారో, ఎప్పుడు పడుకుంటున్నారో ఆ వివరాలు అమ్ముకోవచ్చా లేదా అన్నదే అక్కడి ప్రశ్న. అప్పటిదాకా అమ్ముకోవచ్చు.

నాలుగు దాటాక కాఫీ కోసం విరామం ఇచ్చారు. సబీన్ మిషన్ దగ్గరికి వచ్చింది.

"ఇది చప్పుడు చేస్తుందా?" అని అడిగింది.

"చప్పుడు చేయదు. పాలు విరగ్గొడుతుంది," అన్నాడు హాల్వర్సన్. సంకేతం సరిపోయింది.

ఆమె నవ్వలేదు. మూడేళ్ళలో ఆమె నవ్వకుండా మాట్లాడటం అదే మొదటిసారి.

"మీ ఆఫీసులో దొంగ ఎవడూ లేడు హాల్వర్సన్. ఆ యంత్రాలు ఆపించు. మావాళ్ళు ఎవర్నీ కొనలేదు. సరుకు కొన్నారు. ఎవరి ఫోను ఎప్పుడు ఎక్కడుందో చెప్పే లొకేషన్ల సరుకు, బజారులో అమ్మేది. అమ్మేవాడికి ఆఫీసుంది, బిల్లిస్తాడు, పండగకి గ్రీటింగు కార్డు కూడా పంపుతాడు. పదకొండు వందల డాలర్లు. నా కళ్ళజోడు అంతకన్నా ఎక్కువ."

"మా ఫోన్లు లాకర్లలో ఉంటాయి."

"అదే కదా. పళ్ళ సామాన్లు అమ్మే కంపెనీలో మూడు వందల నలభై ఫోన్లు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఒకే గోడలో, ఒక్కటీ కదలదు, ఒక్కటీ మోగదు. ప్రపంచంలో ఏ డెంటల్ షాపువాడైనా రోజంతా ఫోను ముట్టుకోకుండా ఉంటాడా? మా కుర్రాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. మీ ఉద్యోగుల జాబితా మీరే గోడకి తగిలించారు."

హాల్వర్సన్ తన చేతిలోని స్క్రూడ్రైవర్ వైపు చూశాడు.

"కీన్‌కి అడుగులు లెక్కపెట్టే వాచీ ఉంది," అంది సబీన్. "మీవాడొకడు ఫోను జేబులోనే పెట్టుకుని అతన్ని చూడటానికి వెళ్ళాడు, ఆ ఫోను పక్కనే ఈ వాచీ మా మ్యాపులో కనబడింది. ఇక నీ సంగతి. నువ్వు జాగ్రత్తపరుడివి. ఫోను గోడలో పెట్టే వెళ్తావు. కానీ ఆ ఫోనుకి ఒక కుక్కుంది. దాని మెడపట్టీ ఎక్కడున్నదీ నీ ఫోనుకి చెబుతుంది. నీకు చెప్పేముందు కంపెనీకి చెబుతుంది. ఫోను వర్జీనియాలో నిద్రపోతుంటే కుక్క రెండు వారాలకోసారి గురువారం పెన్సిల్వేనియా వెళ్తోంది. కుక్కలు కారు నడపవు కదా."

"నాకెందుకు చెబుతున్నావు?"

"ఇవాళ ఆవిడ పోతే రేపు నువ్వు నన్ను అనుమానిస్తావు. ఎల్లుండి నువ్వు కోపంతో నా సంగతి బయటపెడితే మావాళ్ళూ నన్ను అనుమానిస్తారు. నాకున్నది ఇద్దరే కొనేవాళ్ళు. ఒకే వారంలో ఇద్దర్నీ పోగొట్టుకోలేను." ఆమె వాచీ చూసుకుంది. "కుక్క మంగళవారం నుంచి అక్కడే ఉంది. రోజూ నాలుగున్నరకి వంతెన దాకా వెళ్తోంది. అక్కడ ఒకడు కూర్చుని ఉన్నాడు. నాకు తెలిసింది ఇంతే."

అప్పుడు టైము నాలుగూ పన్నెండు.

మిల్‌బ్రిడ్జ్‌కి రెండు గంటల దారి. ఇరెనా ఇంట్లో ఫోను లేదు. అది ఉండకూడదని కాగితం మీద సంతకం పెట్టింది హాల్వర్సనే. లోహపు సంచి చింపినట్టుగా తెరిచి ఫోను తీసి మిల్‌బ్రిడ్జ్ పోలీసులకి చేశాడు. అవతల ఒక ఆడగొంతు మర్యాదగా సమాధానం చెప్పింది. హైవే మీద లారీ తిరగబడిందట. ఉన్న రెండు కార్లూ అక్కడే ఉన్నాయట. ఒకటి పంపుతానుగానీ ఇరవై ఐదు నిమిషాలు పడుతుందని, పక్కింటివాళ్ళ నంబరు ఏమైనా ఉందా అని అడిగింది. లేదు. పక్కింటివాళ్ళతో పరిచయం పెట్టుకోవద్దన్నది కూడా రూలే.

పదిహేడు నిమిషాలున్నాయి. చేతిలో ఉన్నది ఒక స్క్రూడ్రైవరు, బ్యాటరీ లేని పెన్ను, ఒక ఫోను. ఎప్పటి నుంచో ఒకటొకటిగా కట్టుకొచ్చిన జాగ్రత్తలన్నీ ఆమె చుట్టూ గోడల్లా నిలబడి, అతన్నే లోపలికి రానివ్వడం లేదు.

"ఆ మెడపట్టీ ఏ కంపెనీది?" అని అడిగింది సబీన్.

చెప్పాడు.

"నేను దానికి నాలుగు నక్షత్రాలిచ్చాను. అందులో కంచె ఉంది. ఫోనులో మ్యాపు మీద వేలితో గీత గీస్తే, కుక్క ఆ గీత దగ్గరికి రాగానే పట్టీ జుయ్యిమంటుంది. నేర్పిన కుక్కైతే అక్కడే కూలబడుతుంది. నీదానికి నేర్పావా?"

నేర్పాడు. పక్కింటివాళ్ళ పూలమొక్కల్లోకి పోతోందని రెండు నెలలు కష్టపడి నేర్పాడు. ఆ చప్పుడు వినబడితే మస్టర్డ్ ఇసుక బస్తాలా కూర్చుంటుంది. మాంసం చూపించినా లేవదు.

యాప్ తెరిచాడు. తెర మీద ఒక నవ్వుతున్న కుక్కపిల్ల బొమ్మ వచ్చింది. ‘మా ప్రైవసీ నియమాలు మారాయి! ముందుకు వెళ్ళాలంటే చదివి అంగీకరించండి.’

అంగీకరించే బటన్ బూడిదరంగులో చచ్చిపడి ఉంది. చివరి పేజీ దాకా పోతేగానీ అది వెలగదు. హాల్వర్సన్ బొటనవేలితో పైకి తోస్తూనే ఉన్నాడు. పేజీలు నీళ్ళలా పోతున్నాయి. మధ్యమధ్యలో ముక్కలు కంటికి తగులుతున్నాయి. మీ పెంపుడు జంతువు కదలికలు. మా విశ్వసనీయ భాగస్వాములతో. ఎంతకాలమైనా. ఇరవై రెండేళ్ళు ఇలాంటి వివరాల్ని ఎవరి చేతికీ చిక్కకుండా కాపాడటమే అతని ఉద్యోగం. ఇప్పుడు ఆమె ప్రాణం ఉన్నది ఆ పేజీల అడుగున.

నలభై ఒకటో పేజీ. బటన్ పచ్చగా వెలిగింది.

అంగీకరించాడు.

వార్తా లేఖ కావాలా అని యాప్ అడిగింది. వద్దన్నాడు. నిజంగానే వద్దా అని అడిగింది. సబీన్ అతని చేతిలోంచి ఫోను లాక్కుని రెండుచోట్ల నొక్కి తిరిగి ఇచ్చింది. మ్యాపు వచ్చింది. వాగు నీలంగా ఉంది, ఇల్లు చిన్న చతురస్రంలా ఉంది. నారింజ రంగు చుక్క ఒకటి ఇంట్లోంచి వాకిట్లోకి కదులుతోంది. నాలుగూ ఇరవై తొమ్మిది.

వేలితో ఇంటి చుట్టూ గీత గీశాడు. చుక్క గేటు దగ్గరికి వచ్చింది. గీత ఇంకా బూడిదరంగులోనే ఉంది. చుక్క గేటు మీద ఉంది. గీత ఎర్రబడింది.

చుక్క ఆగిపోయింది.

కానీ అది కుక్క. మనిషి ఆగిందో, కుక్క రానంటోందని ఒక్కతే వెళ్ళిందో మ్యాపు చెప్పదు. ఆమె దగ్గర ఉంటే తెలిసేదే, ఒక వాచీయో ఫోనో. ఆమె దగ్గర ఏమీ లేకుండా చూసుకున్నది అతనే. హాలులో గంట మోగింది. సబీన్ అతని భుజం మీద చెయ్యి వేసి లోపలికి వెళ్ళిపోయింది. ఛైర్మన్ విషయం లోతైనదనీ, మరింత అధ్యయనం కావాలనీ చెప్పి విచారణని సెలవుల తరవాతకి వాయిదా వేయడం హాల్వర్సన్‌కి తలుపులోంచి వినబడుతూనే ఉంది. అతను నేల మీద కూర్చుని నారింజ చుక్కని చూస్తున్నాడు.

నాలుగూ యాభై రెండుకి ఫోను మోగింది. మిల్‌బ్రిడ్జ్ నుంచి ఒక కానిస్టేబుల్. వంతెన కింద గాలం వేసుకుని కూర్చున్నవాడు దొరికాడు. గాలానికి ఎర లేదట, అందుకని అనుమానం వచ్చిందట. కోటు కింద సైలెన్సర్ తగిలించిన పిస్తోలు ఉంది. చేతిలో ఫోను, అందులో మ్యాపు, మ్యాపులో ఒక చుక్క.

"ఆవిడ?"

"గేటు దగ్గర కుక్కని తిడుతున్నారు సార్. మేం వచ్చేటప్పటికి జున్ను ముక్క చూపించి బతిమాలుతున్నారు."

మర్నాడే ఇరెనాని తరలించారు. ఈసారి లోపల దొంగ లేడని తేలింది గనక కాగితాలు గబగబా కదిలాయి. ఆఫీసులో కొత్త ఉత్తర్వు వచ్చింది: విధి నిర్వహణలో కుక్కలు నిషేధం. ఆ సరుకు అమ్మినవాడి మీద కేసు పెడదామని హాల్వర్సన్ లాయర్ల గదికి వెళ్ళాడు. అమ్మకం చట్టబద్ధమే అన్నారు వాళ్ళు. పేరుకి కొన్నది పెంపుడు జంతువుల తిండి మీద సర్వే చేసే కంపెనీ, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. పోనీ ఒక హెచ్చరిక లేఖైనా పంపుదామన్నాడు. పెద్ద లాయరు లేచి తలుపు వేసి వచ్చాడు.

"అతనితో గొడవ పెట్టుకోలేం రస్. మనం కూడా అతని దగ్గరే కొంటున్నాం."

హాల్వర్సన్ ఆ తలుపు తీసుకుని బయటికి వచ్చాడు.

మస్టర్డ్‌ని ఇరెనాకే ఇచ్చేశాడు. కొత్త ఊరు అయోవాలో హార్లో. ఆమె బాధ్యత వేరే ఆఫీసరుకి మారింది. ఇక హాల్వర్సన్ అక్కడికి వెళ్ళడానికి వీల్లేదు. మెడపట్టీని తనే కత్తిరించి, సుత్తితో కొట్టి, ముక్కలు మూడు చెత్తబుట్టల్లో వేశాడు. విడిపోయేటప్పుడు ఇరెనా అతని చెయ్యి పట్టుకుంది.

"కొత్త పేరు బాగుంది రస్. ఈసారి నన్ను పూలదుకాణం దాన్ని చేశారు. నాకు పూలంటే తుమ్ములు."

కుక్క కారులోంచి వెనక్కి చూడలేదు. దాని కళ్ళు ఆమె చేతిలోని జున్ను మీదే ఉన్నాయి.

ఆ వారం సబీన్ ఆ మెడపట్టీ మీద మళ్ళీ వీడియో చేసింది. కంచె అద్భుతంగా పనిచేస్తుందని అర నక్షత్రం పెంచింది.

నాలుగు వారాల తరవాత హాల్వర్సన్ ఇంటికి పోస్టులో ఒక రంగుల కార్డు వచ్చింది. పార్టీ టోపీ పెట్టుకున్న బీగిల్ బొమ్మ. ‘హ్యాపీ బర్త్‌డే మస్టర్డ్! టీకాలకి మా దగ్గరికి వచ్చినందుకు థాంక్స్. నీ చర్మం కింది చిప్ నంబరులో పాత అడ్రసే ఉంది, నాన్నకి చెప్పి మార్పించుకో. ఇట్లు, హార్లో జంతు వైద్యశాల, హార్లో, అయోవా. ఈ కార్డు మా భాగస్వాముల సౌజన్యంతో.’

హాల్వర్సన్ కార్డుని రెండుసార్లు చదివి, ఫోను టేబుల్ మీదే వదిలేసి, కారు తాళాలు తీసుకున్నాడు. ఇరెనాకి కొత్త పేరు, కొత్త జుట్టు, కొత్త పుట్టినరోజు ఇవ్వడానికి పదకొండు మంది ఆఫీసర్లు పనిచేశారు. కుక్క పేరు మార్చాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు.